జబ్బు పేరు రాసింది పాదిరి

ఫిన్లాండ్ చర్చిల పాత మరణ రిజిస్టర్లలో అంటువ్యాధుల్ని ఎలా గుర్తుపడతారో చెప్పిన ఒక వ్యాసం ఏకబిగిన చదివాను. ఒక్క మాట చేర్చాలి. అప్పట్లో జబ్బు పేరు రాసింది చాలావరకు డాక్టరు కాదు, పాదిరి, అదీ స్వీడిష్‌లో. ‘నెర్వ్‌ఫేబర్’ (నరాల జ్వరం) అంటే టైఫస్ (పేల ద్వారా పాకే జ్వరం) కావచ్చు, టైఫాయిడూ కావచ్చు. అందుకే పేరుకన్నా తేదీ, వయసు ముఖ్యం. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఒకే ఊళ్లో వరసగా చావులుంటే ముందు రక్త విరేచనాలనే అనుమానించాలి. పోయినవాళ్లంతా పసిపిల్లలైతే మశూచో, తట్టో, కోరింత దగ్గో.

1868వ సంవత్సరం పేజీలు మాత్రం గుండె పిండేస్తాయి. కరువుకి ఇల్లు విడిచి అడుక్కుంటూ తిరిగినవాళ్ల బట్టల్లోని పేలతో టైఫస్ ఊరూరా పాకింది. ఆ ఒక్క ఏడాదే దేశ జనాభాలో దాదాపు 8 శాతం మంది పోయారు. కొన్ని వరసల్లో పేరు కూడా ఉండదు, ‘బిచ్చగాడు’ అని తప్ప.