గిరాకీ ఉంది, ఇంటికి తీగే రాలేదు

ఇంట్లో టీవీకి తగిలించి ఆడుకునే ఆట యంత్రం (కన్సోల్) ప్లేస్టేషన్ 5లో నడుస్తున్న ఆటను వైఫై మీదుగా చేతిలోని తెర మీదికి తెచ్చే ప్లేస్టేషన్ పోర్టల్‌ను సోనీ 2023 నవంబరు 15న అమెరికా, బ్రిటన్ వంటి దేశాల్లో విడుదల చేసింది. ఎనిమిది అంగుళాల తెరకు రెండు వైపులా కంట్రోలర్‌ను చెరిసగంగా అమర్చిన ఈ పరికరం సొంతంగా ఒక్క ఆటనూ నడపలేదు. విడుదలైనప్పుడు కన్సోల్ తోడు లేనిదే పనిచేసేది కాదు, మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో కలవదు. ఈ లోపాలన్నీ ఏకరువు పెట్టి, 200 డాలర్లు పోసి దీన్ని ఎవరు కొంటారని సాంకేతిక విమర్శకులు చాలామంది ముందే పెదవి విరిచారు. తీరా అమ్మకాలు మొదలయ్యాక తొలి వారాల్లోనే చాలా దుకాణాల్లో సరుకు నిండుకుంది.

ఆ అంచనా ఎందుకు తప్పిందో తెలుసుకోవడానికి అమెరికా దాకా పోనక్కరలేదు. నెల్లూరు బాలాజీనగర్‌లోనో మాగుంట లేఅవుట్‌లోనో, ఒంగోలు లాయర్‌పేటలోనో ఉన్న ఒక మధ్యతరగతి ఇంటి అమరికను గమనిస్తే చాలు. ఇలాంటి పరికరానికి సహజమైన మార్కెట్ మన జిల్లాల ఇళ్లేనని నా గట్టి అభిప్రాయం. ఆ గిరాకీ అమ్మకాల అంకెల్లోకి రాకుండా ఆపుతున్నవి రెండు: కంపెనీ మన దేశపు కొనుగోలుదారుకు సగం సేవను మూసి ఉంచడం, మన ప్రభుత్వాలు ఇంటింటికీ నమ్మకమైన ఇంటర్నెట్ తీగను చేర్చకుండా మొబైల్ డేటాతోనే సరిపెట్టడం.

మన ఇళ్లలో పెద్ద టీవీ హాల్లో ఉంటుంది, సాధారణంగా ఒక్కటే ఉంటుంది. కన్సోల్ కొన్నవాడు దాన్ని ఆ టీవీకే తగిలించాలి. సాయంత్రం ఆరున్నర నుంచి పదింటి దాకా ఆ టీవీ మీద సీరియళ్లదే హక్కు, వాటి మధ్యలో వార్తలు, వేసవి వచ్చిందంటే ఐపీఎల్. ఉద్యోగం నుంచి అలసి వచ్చిన ముప్పై ఏళ్ల మనిషికి ఆట మీద ఎంత ఇష్టమున్నా, అమ్మ చూస్తున్న సీరియల్ ఆపించి హాలు మధ్యలో కూర్చుని ఆడటం మన మర్యాదకు సరిపడదు. పదింటి తర్వాత ఆడదామంటే ఆ హాల్లోనే తాతయ్యో నాయనమ్మో మంచం వాల్చుకుని పడుకుని ఉంటారు. పెద్ద తెర వెలుతురు, తుపాకీ చప్పుళ్లు వాళ్ల నిద్ర చెడగొడతాయి. ఇక మే నెలలో నెల్లూరు ఎండ సంగతి ఎవరికీ చెప్పనక్కరలేదు. ఏసీ ఉండేది ఒక పడకగదిలో, టీవీ ఉండేది హాల్లో; వడగాడ్పు వీచే మధ్యాహ్నాల్లో ఇంటిల్లిపాదీ ఆ ఒక్క గదిలోకి చేరి తలుపు వేసుకుంటే, యాభై వేలు పెట్టి కొన్న కన్సోల్ హాల్లో ఊరికే పడి ఉంటుంది. ఏసీ గదిలో ఓ మూల కూర్చుని, చెవులకు వైరు తగిలించుకుని, ఎవరికీ ఇబ్బంది లేకుండా ఆ కన్సోల్‌తోనే ఆడుకునే మార్గం దొరికితే దానికి విలువ కట్టవలసింది ఆ ఇంటి మనిషే గాని, గదికో టీవీ ఉన్న ఇంట్లో కూర్చుని రాసే విమర్శకుడు కాదు.

ఈ కోరిక కొత్తదేమీ కాదు. నింటెండో 2012లో తెచ్చిన వీ యూ కన్సోల్‌కు తెర ఉన్న గేమ్‌ప్యాడ్ ఇచ్చింది. ఇంట్లో ఇంకొకరు టీవీ చూస్తుంటే ఆట మొత్తం ఆ చిన్న తెర మీదికి వచ్చేది. కన్సోల్‌గా వీ యూ చతికిలపడింది, కోటీ 36 లక్షల లోపే అమ్ముడైంది. అయినా దాన్ని కొన్నవాళ్లు ఇష్టంగా చెప్పుకున్న సౌకర్యం మాత్రం అదే. టీవీకి దూరంగా, మంచం మీదో మెట్ల మీదో కూర్చుని ఆడుకోవచ్చన్న ఆ ఒక్క సౌకర్యాన్నే కేంద్రంగా పెట్టుకుని 2017లో వచ్చిన నింటెండో వారి తర్వాతి కన్సోల్ స్విచ్ 15 కోట్లకు పైగా అమ్ముడైంది. సోనీ కూడా అంతకుముందే వీటా అనే చేతి కన్సోల్‌లో, ఇంటి కన్సోల్‌లోని ఆటను వేరే తెర మీద ఆడుకునే రిమోట్ ప్లేను పెట్టింది, తర్వాత ఫోన్లకూ కంప్యూటర్లకూ అదే సదుపాయాన్ని యాప్‌గా ఇచ్చింది. ఇంటి టీవీని ఇతరులకు వదిలిపెట్టి ఆడుకోవాలన్న కోరికను పరిశ్రమ పదేళ్లకు పైగా పదేపదే చూస్తూనే ఉంది.

ఎదుటి వాదన ఒకటుంది, దానికి బలమూ ఉంది. రిమోట్ ప్లే యాప్ ఫోన్లో ఉచితంగా దొరుకుతున్నప్పుడు, ఫోన్‌ను బిగించుకునే కంట్రోలర్ అంతకంటే తక్కువ ధరకే వస్తున్నప్పుడు, 2024 డిసెంబరులో 18,990 రూపాయల ధరతో మన దేశానికి వచ్చిన ఈ పరికరం ఎందుకన్నది ఆ ప్రశ్న. ప్లేస్టేషన్ 5లో డిస్క్ పెట్టే వీలు లేని స్లిమ్ రకం 44,990 రూపాయలకు వచ్చిందనుకున్నా, రెండూ కలిపితే 63,980 అవుతుంది. ఇది తక్కువ మొత్తం కాదు. అయితే ఫోన్ మన ఇళ్లలో ఆటకోసమే పక్కన పెట్టుకునే వస్తువు కాదు. ఆట మధ్యలో ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది, బ్యాటరీ వేడెక్కుతుంది, యూపీఐ చెల్లింపు సందేశం తెర మీదికి వచ్చి పడుతుంది. పైగా కన్సోల్ ఆటల్లోని అక్షరాలు ఆరంగుళాల తెర మీద చదవడానికి కళ్లు చిట్లించాలి. పోర్టల్ మన దేశంలో విడుదల కాకముందు ఏడాది పాటు అమెరికా నుంచి వచ్చే అక్కాబావల చేత దాన్ని తెప్పించుకోవాలనుకున్నవాళ్లు ఈ తేడా తెలిసినవాళ్లే.

ఇంటి లోపల ఆడుకున్నంతసేపు ఈ ఏర్పాటు చక్కగా సాగడానికి కావలసినవి తక్కువే. ఆటను నడిపేది కన్సోల్. అది సెకనుకు అరవై బొమ్మల చొప్పున వీడియోగా కుదించి రౌటర్‌కు ఇస్తుంది, రౌటర్ దాన్ని పోర్టల్‌కు పంపుతుంది, మనం నొక్కిన బొత్తాం సమాచారం అదే దారిలో వెనక్కి వెళుతుంది. ఒక్కో బొమ్మకు దక్కే సమయం 17 మిల్లీసెకన్ల లోపే కాబట్టి, మధ్యలో ఎక్కడ తడబడినా చేతికి వెంటనే తెలిసిపోతుంది. మన ఇళ్లలో కేబుల్ ఆపరేటర్ తీగను వీధి గుమ్మం పక్కన దించి, అక్కడే రౌటర్ తగిలించి వెళ్లిపోతాడు. అక్కడి నుంచి రెండు ఇటుక గోడలు, ఒక శ్లాబు దాటి మేడ మీది గదికి 5 గిగాహెర్ట్‌జ్ వైఫై సంకేతం బలంగా చేరదు. కన్సోల్‌ను ల్యాన్ తీగతో రౌటర్‌కు కలిపి, రౌటర్‌ను ఇంటి మధ్యకు జరిపితే సగం ఇబ్బంది అక్కడే తీరిపోతుంది. ఇంట్లో ఆడినంతవరకు ఆ వీడియో ఇల్లు దాటి పోదు కాబట్టి నెల డేటా ఖర్చు కాదన్న సంగతిని అమ్మేవాళ్లే కొనేవాళ్లకు వివరించడం లేదు. కరెంటు పోతే మాత్రం పోర్టల్‌కు బ్యాటరీ ఉన్నా ప్రయోజనం ఉండదు. ఫ్యాన్లకు, లైట్లకు సరిపడా పెట్టుకున్న ఇన్వర్టర్ మీద 200 వాట్ల దాకా లాగే కన్సోల్‌ను ఎవరూ నడపరు.

కన్సోల్‌తో పని లేకుండా కంపెనీ సర్వర్ల నుంచే నేరుగా ఆటను తెచ్చుకునే క్లౌడ్ స్ట్రీమింగ్‌ను సోనీ 2024 నవంబరులో పోర్టల్‌కు ప్రయోగాత్మకంగా జోడించి, 2025 నవంబరులో పూర్తి స్థాయి సేవగా మార్చింది. ఆ సేవ సోనీ చందాల్లో ఒకటైన ప్లేస్టేషన్ ప్లస్ ప్రీమియం తీసుకున్నవాళ్లకే లభిస్తుంది. మన దేశంలో సోనీ ఆ ప్రీమియం చందాను అమ్మడం లేదు, దాని స్థానంలో క్లౌడ్ స్ట్రీమింగ్ లేని డీలక్స్ చందాను పెట్టింది. అంటే, 200 డాలర్ల ధరను 2023 చివరి మారకం ప్రకారం లెక్కిస్తే సుమారు 16,600 రూపాయలయ్యే పరికరానికి మనవాళ్లు విడుదల ధరగా 18,990 చెల్లించి, అమెరికా కొనుగోలుదారుకు దక్కే రెండు ఉపయోగాల్లో ఒక్కదాన్నే పొందుతున్నారు. కన్సోల్ కొనలేని కుర్రవాడికి ఈ వస్తువు ఒక్కటే సరిపోయే దారిని మూసేసి, భారత్‌లో దీనికి గిరాకీ లేదని ఎవరైనా అంటే ఆ మాటను ఒప్పుకోవలసిన అవసరం లేదు. మైక్రోసాఫ్ట్ 2025 నవంబరులో తన ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్‌ను మన దేశంలో ప్రారంభించింది. సోనీ అదే పని చేయకపోవడం దాని సొంత నిర్ణయమే తప్ప, మన సాంకేతిక అసమర్థత కాదు.

దూరమే అడ్డంకి అనేవారికి ఒక చిన్న లెక్క చెప్పాలి. గాజు తీగలో కాంతి మిల్లీసెకనుకు దాదాపు 200 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లు, ఒంగోలు నుంచి దాదాపు 300. సముద్రగర్భ కేబుళ్లు ఒడ్డుకు చేరే నగరం, పెద్ద డేటా కేంద్రాలున్న నగరం చెన్నై. అక్కడి సర్వర్ నుంచి ఒంగోలుకు కాంతి వెళ్లి రావడానికి పట్టే సమయం మూడు మిల్లీసెకన్ల పైచిలుకు. హైదరాబాద్‌లో ఆడేవాడికంటే భౌగోళికంగా మన జిల్లాల వాడే చెన్నైకి దగ్గర. విజయవాడ, చెన్నై నగరాల మధ్య రైలు పట్టాల వెంబడి ఆప్టికల్ ఫైబర్ మన కావలి, సింగరాయకొండ, బిట్రగుంట మీదుగానే పోతోంది. తేడా వస్తున్నది చివరి రెండు కిలోమీటర్లలో, స్తంభం నుంచి ఇంటికి రావలసిన ఆ కొసలో.

ఆ కొస లేనిచోట మిగిలేది మొబైల్ డేటా. పోర్టల్‌కు కనీసం సెకనుకు 5 మెగాబిట్లు కావాలని, బాగా ఆడాలంటే 15 కావాలని సోనీయే చెబుతోంది. ఇంటి బయటి నుంచి గానీ క్లౌడ్ నుంచి గానీ సెకనుకు 15 మెగాబిట్ల చొప్పున గంటసేపు ఆడితే సుమారు 6.75 గిగాబైట్లు ఖర్చవుతాయి. రోజుకు 2 గిగాబైట్ల ప్లాన్ పద్దెనిమిది నిమిషాల్లో అయిపోతుంది. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 చివరి లెక్కల ప్రకారం దేశంలో బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు 94 కోట్లు దాటాయి, వాటిలో తీగ ద్వారా ఇంటికి వచ్చేవి 4 కోట్లకు కాస్త ఎక్కువ మాత్రమే. తక్కిన 90 కోట్లు టవర్ నుంచి వచ్చే డేటా మీద ఆధారపడినవే. రీల్స్ చూడటానికి, సినిమా దించుకోవడానికి అది చాలు. రెండు దిక్కులా ఎడతెగకుండా, ఒకే వేగంతో సాగవలసిన పనికి అది చాలదు.

ఈ వెలితి ఆటగాళ్లది మాత్రమే అనుకుంటే పొరపాటు. చీమకుర్తిలో గ్యాలక్సీ గ్రానైటు రాయిని విదేశీ కొనుగోలుదారుకు వీడియోలో చూపించాలంటే కావలసింది అప్‌లోడ్ వేగం. విడవలూరు, ఇందుకూరుపేట రొయ్యల చెరువుల గట్టు మీద రాత్రంతా ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో కెమెరాలో చూసుకోవాలంటే కావలసిందీ అదే. 2020 లాక్‌డౌన్‌లో ఉదయగిరి, కనిగిరి ప్రాంతాల్లో పిల్లలు సిగ్నల్ కోసం మిద్దెలెక్కి పాఠాలు విన్న రోజుల్ని మనం ఇంత త్వరగా మరచిపోకూడదు. చేతిలోని ఆట పరికరం ఈ పనులన్నిటికంటే కఠినమైన పరీక్ష పెడుతుంది కాబట్టే, దాని గిరాకీ గురించి మాట్లాడటం నాకు ముఖ్యమనిపిస్తోంది. ఒక ఊళ్లో పోర్టల్ ఇబ్బంది లేకుండా నడుస్తోందంటే, ఆ ఊళ్లో వైద్యుడితో వీడియో సంప్రదింపు, ఇంటి నుంచి ఉద్యోగం, రాయి అమ్మకం అన్నీ నడుస్తాయి.

ఈ దిశలో ఆంధ్రప్రదేశ్ ఒకప్పుడు దేశం కంటే ముందు నడిచింది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, విద్యుత్ స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయలకే టీవీ, టెలిఫోన్‌తో పాటు సెకనుకు 15 మెగాబిట్ల ఇంటర్నెట్ ఇస్తానని మాట ఇచ్చింది. పోర్టల్‌కు సోనీ సూచించిన వేగం సరిగ్గా అదే. పరికరం పుట్టడానికి దాదాపు ఆరేళ్ల ముందే దానికి తగిన తీగను ఇంటింటికీ ఇస్తామన్న రాష్ట్రం మనది. ఆ తర్వాత ఆ సంస్థ రాజకీయ వివాదాల్లో కూరుకుపోయింది, ఏ పార్టీ హయాంలో ఎంత తప్పు జరిగిందన్న వాదన నేటికీ సాగుతోంది. ఆ వాదనలో ఎవరు గెలిచినా, స్తంభం మీద వేలాడుతున్న తీగ ఇంటి గుమ్మం దాకా రావలసిన పని అలాగే ఉంది.

కాబట్టి అడగవలసినవాళ్లను అడగవలసినట్టు అడగాలి. సోనీ ప్రీమియం చందాను ఇక్కడ అమ్మాలి, లేదా క్లౌడ్ లేని పరికరానికి తగినట్టు ధర తగ్గించాలి. కనెక్షన్ అమ్మే ప్రతి సంస్థా, కేబుల్ ఆపరేటర్‌తో సహా, డౌన్‌లోడ్ వేగంతో పాటు అప్‌లోడ్ వేగాన్నీ, సాధారణంగా ఎంత జాప్యం ఉంటుందన్నదీ రసీదు మీద రాసివ్వాలి. రాష్ట్ర ప్రభుత్వం ఫైబర్‌నెట్‌ను మండలాలవారీగా, ఎన్ని ఇళ్లకు తీగ చేరింది, వాటిలో ఎన్ని పనిచేస్తున్నాయి అన్న లెక్కతో ప్రజల ముందు పెట్టాలి. కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ అనదగ్గ కనీస వేగాన్ని 2023 జనవరిలో 512 కిలోబిట్ల నుంచి 2 మెగాబిట్లకు పెంచింది. పోర్టల్ అడిగే కనీసం 5 మెగాబిట్లు. ఆ అంకెను పెంచి, అందులో అప్‌లోడ్‌కూ జాప్యానికీ హద్దులు చేర్చిన రోజున, ఈ వస్తువుకు కావలిలో ఎంత గిరాకీ ఉందో, కందుకూరులో ఎంత ఉందో అమ్మకాల అంకెలే చూపిస్తాయి.