ఆంక్షలు ఒకవైపు, దుకాణాలు మరోవైపు

మెక్సికోలో ఇంత కఠినమైన ఆయుధ చట్టాలున్నా హత్యలు ఆగలేదు గనుక ఆంక్షలు దండగని తేల్చేసిన వ్యాసకర్త, సరిహద్దుకు ఉత్తరాన అమెరికాలో ఉన్న తుపాకుల దుకాణాల జోలికే వెళ్లలేదు. మెక్సికోలో పౌరులకు తుపాకులు అమ్మేది సైన్యమే. టెక్సాస్, అరిజోనాలలో మాత్రం లైసెన్సున్న దుకాణాలు వేలల్లో ఉన్నాయి. నేరచరిత్ర లేని మనిషి ఒకడు అక్కడ తుపాకి కొనేటప్పుడు నింపే 4473 నంబరు ఫారంలో, అసలు కొనుగోలుదారు మీరేనా అన్న ప్రశ్నకు అవునని అబద్ధం రాసి, కొన్న రైఫిల్‌ను ముఠాకు అప్పగిస్తే, అది కారులో దక్షిణానికి దాటిపోతుంది. మెక్సికోలో పట్టుబడి, ఆచూకీ కోసం అమెరికాకు నివేదించిన తుపాకుల్లో సుమారు 70 శాతం అమెరికా నుంచి వచ్చినవేనని తేలుతోంది. మెక్సికో పోలీసు వ్యవస్థలోని అవినీతిని నేనేమీ వెనకేసుకురావడం లేదు. అయితే సరిహద్దు రాష్ట్రాల్లో ఒకే వ్యక్తి ఐదు పనిదినాల్లో రెండు సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు కొంటేనే దుకాణదారు సమాచారమివ్వాలన్న 2011 నాటి నిబంధన, తీరిగ్గా నెలకొకటి కొనేవాడిని పట్టుకోగలదా? తుపాకుల తయారీదారులపై మెక్సికో వేసిన దావాను, వాళ్లను ఇలాంటి దావాల నుంచి కాపాడే 2005 నాటి చట్టం ఆధారంగా అమెరికా సుప్రీంకోర్టు 2025 జూన్‌లో ఏకగ్రీవంగా కొట్టివేసింది. ఇతరుల కోసం తుపాకి కొనిపెట్టడాన్ని ప్రత్యేక ఫెడరల్ నేరంగా ప్రకటించడానికే అమెరికాకు 2022 దాకా పట్టింది.