‘మా పాత యూనిట్ల’ అనే నా నోటి దూలకు బహిరంగ లేఖ

ప్రియమైన ‘మా పాత యూనిట్ల’ గారికి,

ఇగ గారు గీరు ఎందుకు తియ్, ఎనిమిది నెలల సంది నా నోట్లెనే కాపురం పెట్టినవ్, మన మధ్య మర్యాదలేంది. లీవ్ మీద ఇంటికొచ్చిన. నల్లగొండ దాటి దేవరకొండ రోడ్డు మీద మా ఊరు, బత్తాయి తోట కాడ నులక మంచం ఏస్కొని రాస్తున్న. మాకు ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, అందుల ఇప్పుడు 20 రోజులు దొరికినయ్, ఆ 20 దాంట్ల ఒక పూట మొత్తం నీకే ఇస్తున్న అంటే నన్ను ఎంత సతాయించినవో సమజ్ చేస్కో.

తెల్వనోళ్ల కోసం జర చెప్త. నేను ఆర్మీల, సిగ్నల్స్‌ల, అంటే వార్తలు అటిటు పంపే విభాగంల హవల్దార్‌ని. వేరే దేశాల సైన్యాలల్ల సార్జెంట్ అంటరు చూడు, గా లెవల్. చెయ్యి మీద మూడు ఫీతీలు. ఇన్‌ఫాంట్రీ వాళ్లు చానామంది ఏ పల్టన్‌ల చేరితే ఆ పల్టన్‌లనే పెన్షన్ దాకా ఉంటరు, మాకు గా భాగ్యం లేదు, రెండు మూడేండ్లకోసారి పోస్టింగ్ ఆర్డర్ వస్తది, నల్లపెట్టె లేపాలె. ఈసారి ఆర్డర్‌తోటి ఇంకోటి కూడ వచ్చింది, కొత్త యూనిట్ల ఒక కంపెనీకి, అంటే జవాన్ల దళానికి, సీహెచ్ఎం, అంటే కంపెనీ హవల్దార్ మేజర్. ర్యాంకు కాదది, అపాయింట్‌మెంట్. ఫీతీలు అయ్యే మూడు, తలకాయనొప్పులు మాత్రం నూరు. రోల్ కాల్, పరేడ్ స్టేట్, గార్డ్ డ్యూటీలు, ఫటీగ్‌లు, లీవ్ ప్లాన్, ఎవడు టైముకు రాలే, ఎవడు షేవింగ్ చేస్కోలే, పైన సాబ్‌లకు జవాబు చెప్పాలె, కింద పోరగాళ్లకు సర్ది చెప్పాలె, తాడుకు రెండు దిక్కుల గుంజితే నడుమల ముడి ఉంటది కదా, గా ముడే సీహెచ్ఎం.

ఊర్ల ఏమైందంటే ‘హవల్దార్ మేజర్’ల హవల్దార్ మాయమైంది. మా చిన్నాయన కొడుకు బస్టాండ్ కాడ ఫ్లెక్సీ కట్టిచ్చిండు, ‘మేజర్‌గా పదోన్నతి పొందిన మా అన్నకు శుభాకాంక్షలు’ అని, కింద ఆని దోస్తులవి పదకొండు ఫోటోలు. మేజర్ అంటే కెప్టెన్ తర్వాత వచ్చే ఆఫీసర్‌రా నాయనా, మా కంపెనీ కమాండరే మేజరు, ఆయన కంట పడితే నా గతేంది అని ఫోన్ల మొత్తుకున్న. దించుతడా! మూడొద్దుల తర్వాత గాలికి అదే సినిగింది. సరే ఈ ముచ్చట నీది కాదు, వదిలేయ్.

నువ్వు నాతోటి ఎట్లొచ్చినవో నాకు ఇప్పటికీ సమజ్ కాలే. పెట్టె మీద పాత యూనిట్ పేరుంటే దాని మీదికెల్లి నల్ల పెయింట్ కొట్టి కొత్త పేరు తెల్లగ రాపిచ్చిన, రెండు కోటింగులు. అయినా పొద్దుగూకంగ కిటికీల నుంచి ఎండ అడ్డంగ పడితే పెయింట్ కింద పాత అక్షరాలు ఉబ్బుకొని కనవడుతయ్. నువ్వు గప్పుడే దాంట్లకెల్లి దిగినట్టున్నవ్.

మొదటి రోల్ కాల్ గుర్తున్నదా. పొద్దుమీకి కంపెనీ ఫాల్ ఇన్ అయ్యింది, సావధాన్, విశ్రామ్, నేను రిజిస్టర్ పట్టుకొని ముందల నిలబడ్డ. ఏం మాట్లాడాల్నో రాత్రంత పక్కల దొర్లుకుంట తయారు చేస్కున్న, మనమంత ఒక కుటుంబం అనేది, క్రమశిక్షణ అనేది, మంచిగనే ఉండె. నోరు తెరిస్తే వచ్చింది నువ్వు. ‘హమారీ పురానీ యూనిట్ మే తో...’ అని. రోల్ కాల్ టైము నుంచి మొదలువెట్టి లంగర్ల, అంటే మా వంటశాలల, పప్పు ఎట్లుండె, జాడు ఎట్ల కొట్టేది, సైకిళ్లు ఎట్ల వరుసకు నిలవెట్టేది, అన్నీ చెప్పిన. ముందు వరుసల నిలబడ్డోని కండ్లు నాకు యాదికున్నయ్, పెండ్లిళ్ల ముసలాయన పాత ముచ్చట ఎత్తుకుంటే బంతి మీద కూసున్నోళ్లు చూస్తరు చూడు, అన్నం ఎప్పుడొస్తదా అని, గట్ల.

ఇగ కోత్ ముచ్చట. ఆయుధాలు పెట్టే గదిని కోత్ అంటం. ప్రతి రైఫిల్‌కు బట్ నంబర్ ఉంటది, ఎవని నంబర్ రైఫిల్ వానిదే. ఈ యూనిట్ల ఫైరింగ్‌కు పోయే రోజు పోరగాళ్లు బట్ నంబర్ ప్రకారం లైన్ కడుతున్నరు, కంపెనీల ఒక్కో జట్టును ప్లటూన్ అంటం, ఈ ప్లటూనోడు ఆ ప్లటూనోడు అందరు కలగాపులగం, నాకు చూస్తేనే కడుపుల తిప్పింది. నువ్వు చెవుల ఊదినవ్, మా పాత యూనిట్ల ప్లటూన్ వైజ్ లైన్ ఉండె కదా అని. వచ్చి మూడో రోజు! ఆర్డరేసిన, ప్లటూన్ వైజ్ అని. కోత్ చూస్కునేటాయన ఒక నాయక్, నా కన్న కింది ర్యాంకు, నా దిక్కు చూసిండు, ‘జీ ఉస్తాద్’ అన్నడు, ఇంకో మాట అన్లే. ఆ ‘జీ’ల ఎంత ఉన్నదో నాకు అప్పుడు వినవడలే.

ఏమైందంటే, కోత్‌ల ర్యాక్‌లన్నీ బట్ నంబర్ వరుసల ఉన్నయ్, ర్యాక్‌కు ర్యాక్‌కు నడుమ ఒక్క మనిషి అడ్డంగ తిరిగితే పట్టేంత సందు. ప్లటూన్లల్ల మనుషులు అటిటు మారి మారి నంబర్లు చెదిరిపోయి ఉన్నయ్, ఒక ప్లటూన్ లైన్ల ఒకనిది మొదటి ర్యాక్ అయితే వాని ఎన్కున్నోనిది కొసాకరు ర్యాక్, పాపం ఆ నాయక్ రైఫిల్ రైఫిల్‌కు ఈ కొస నుంచి ఆ కొసకు ఉరుకుడే ఉరుకుడు. బయట బండ్లు ఇంజన్ చాలు చేసి నిలబడ్డయ్. రేంజ్‌కు పోయేసరికి 45 నిమిషాలు లేటు. కంపెనీ కమాండర్ సాబ్ వాచ్ చూసుకొని, ‘సీహెచ్ఎం, క్యా హువా?’ అంటే, కనీసం గప్పుడన్న నోరు మూస్కోవద్దా, ‘సాబ్, హమారీ పురానీ యూనిట్ మే...’ అన్న.

‘వహీ వాపస్ జానా హై క్యా?’

కొట్టలే, తిట్టలే. గంతే అన్నడు. ఎన్కకెల్లి ఎవడో నవ్వు ఆపుకోలేక దగ్గిండు.

మా కోర్, అంటే సిగ్నల్స్ విభాగం, 1911 ఫిబ్రవరి 15 నాడు పుట్టింది, దాని నినాదమేమో ‘తీవ్ర చౌకస్’, వేగంగ, పదిలంగ అన్నట్టు. వార్తను జల్ది పంపాలె, అక్కర్లేనోని చెవుల పడనియ్యొద్దు. ఇన్నేండ్ల సర్వీసు తర్వాత నా సొంత నోటికి తీవ్రమే వచ్చింది, చౌకస్ రాలే.

ఫిబ్రవరి 15 అంటే గుర్తొచ్చింది, నీ మీద నాకున్న అసలు కోపం గదే, మిగిలినయన్నీ నవ్వుకునేటివి. కోర్ డే దగ్గర పడ్డది, బడాఖానా అంటే అందరం కలిసి తినే విందు, దాని పనులు, గ్రౌండ్ పనులు. మాఘమాసం కదా, ఒక పిలగాడు చెల్లె పెండ్లికి లీవ్ అడిగిండు. మా పాత యూనిట్ల కోర్ డే వారం ఎవ్వరికి లీవ్ ఉండకపోయేది, లేదు పో అన్న. వాడు సెల్యూట్ కొట్టి పోయిండు. మా కంపెనీల ఇంకో హవల్దార్ ఉన్నడు, నేను రాకముందు నాలుగు నెలలు సీహెచ్ఎం పని మొత్తం ఆయనే చూస్కున్నడు, ఆ కుర్సీ ఆయనకే వస్తదని అందరు అనుకున్నరు. నల్లగొండ బస్టాండ్ల బస్సు కిటికీలకెల్లి తువ్వాలేసి సీటు ఆపుకుంటే ఎవడో వచ్చి తువ్వాల తీసి మడతవెట్టి చేతికిచ్చి కూసున్నట్టు, గట్ల కూసున్న నేను. ఆయన నాతోటి ఒక్కనాడు పంచాయితీ పెట్టుకోలే. తెల్లారి లీవ్ రిజిస్టర్ తెరిస్తే ఆయన పేరు కొట్టేసి ఉన్నది, ఆ జాగల పిలగాని పేరు. సీనియర్ జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) సాబ్ కాడికి పోయి, నా లీవ్ నేను తర్వాత తీస్కుంట, వాన్ని పంపున్రి అన్నడంట. నాకు చెప్పలే. ఎవ్వరికి చెప్పలే. ఆ పిలగానికి తండ్రి లేడని, పెండ్లి పెద్ద వాడేనని ఆయనకు తెల్సు, నాకు తెల్వదు, నాకు తెల్సిందల్ల వేరే యూనిట్ల లీవ్ ప్లాన్.

గప్పుడు ఒక వారం నేను అన్నం సరిగ తిన్లే.

ఇదంత ఇంటికి ఫోన్ జేసి మా ఇంటామెకు చెప్తే ఓదారుస్తదనుకున్న. పడి పడి నవ్వింది. ఆమెది అచ్చంపేట దిక్కు, కాపురానికొచ్చిన కొత్తల పచ్చిపులుసు కాడ ఒకమాట అన్నదంట, మా అమ్మగారింట్ల నువ్వులు ఏంచి పొడి కొట్టి ఏస్తరు అని. మా అవ్వ పీట మీదికెల్లి లేవకుంటనే అన్నదంట, ‘అట్లనా, అయితే ఆడికే పోయి తినిరా బిడ్డా’ అని. ‘మీ సాబుకు, మీ అవ్వకు ఏమన్న సుట్టరికం ఉన్నదా?’ అని అడిగింది మా ఇంటామె. ‘మీకు ఇప్పుడర్థమైతున్నది, నాకు పదమూడేండ్ల కింద అర్థమైంది. ఏడాది నోరు మూస్కున్న, ఇప్పుడు మీ ఇంట్ల పచ్చిపులుసుల నువ్వులున్నయా లేవా?’

ఉన్నయ్. మా అవ్వనే ఏస్తది. మా ఇంట్ల మొదటి సంది గట్లనే చేస్తరని వాడకట్టోళ్లకు చెప్తది కూడ.

ఇంటామె మాట పట్టుకొని ఒకటి చేసి చూసిన. రేపటి డ్యూటీ లిస్టు రోల్ కాల్ల చదివి వినిపిస్తుండె ఈడ, సగం మందికి వినవడదు, వినవడ్డోడు మర్సిపోతడు. నోరెత్తకుండ సాయంత్రం నాలుగింటికి లిస్టు రాసి నోటీస్ బోర్డుకు పెట్టుడు చాలు చేసిన. వారం అయినంక అందరు ఆడికి పోయి చూస్కునుడే. ఇది ఏ యూనిట్లది, ఎవని ఐడియా అని ఒక్కడు అడగలే. ఏడికెల్లొచ్చిందో నీకు తెల్సు, నాకు తెల్సు, చాలు.

అట్లని ‘పాత’ అన్న ప్రతి మాట మీద నాకు పంచాయితీ లేదు. మా నాయిన ఉన్నడు, 2016 అక్టోబర్ల జిల్లా మూడు ముక్కలైంది, సూర్యాపేట వేరే, యాదాద్రి భువనగిరి వేరే, ఆయన మాత్రం ఇప్పటికీ పాత జిల్లా లెక్కనే మాట్లాడుతడు. 2020 జూన్ల సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు గల్వాన్‌ల అమరుడైతే ‘మన జిల్లా పిలగాడు’ అని టీవీ ముందల కూసొని ఏడ్సిండు, సూర్యాపేట వేరే జిల్లా కదా నాయినా అని చెప్పే మొగోడు మా ఇంట్ల లేడు. గసుంటి ‘పాత’ ఉండనియ్. నీకు దానికి సంబంధం లేదు, నువ్వు ఆ పేరు చెప్పుకొని తిరిగే దొంగవి.

దొంగ అని ఉత్తగనే అన్లే. ఒకనాడు మనసు బాగలేక పాత యూనిట్ దోస్తుకు ఫోన్ జేసిన. నా జాగల వచ్చిన కొత్తాయన ఎట్లున్నడే అంటే, ‘ఏం చెప్పమంటవ్ భాయ్, పొద్దున లేస్తే మా పాత యూనిట్ల గిట్లుండె, మా పాత యూనిట్ల అట్లుండె, చెవులు తూట్లు పడ్డయ్’ అన్నడు. నాకు పాణం నిమ్మలమైంది. గప్పుడే ఫోన్ పెట్టేస్తే అయిపోవు. ‘నువ్వేమన్న తక్కువనా, ఈడున్నప్పుడు జబల్‌పూర్ ట్రైనింగ్ సెంటర్ల గిట్ల, జబల్‌పూర్ సెంటర్ల అట్ల అని మమ్మల్ని చంపలే? ఈ యూనిట్ దండుగ అని నువ్వన్నవా లేదా?’ అన్నడు.

అన్న. ఇప్పుడు నేను స్వర్గం లెక్క చెప్తున్న యూనిట్‌నే, ఆ లంగర్ల పప్పునే, నీళ్ల పప్పు అని నేనే అన్న. నువ్వు యూనిట్లు మార్సుకుంట నా నోరు మాత్రం మార్సకుండ తిరుగుతున్నవ్.

అందుకే ఇది నీకు పోస్టింగ్ ఆర్డర్ అనుకో. యాడికి పోతవో నీ ఇష్టం. నన్ను విడిసిపెట్టు.

ఇట్లు,
ఒకప్పటి నీ వాడు,
సీహెచ్ఎం

తా.క. అసలు ముచ్చట రాయలే చూడు. మా కంపెనీల పాలమూరు దిక్కు లాన్స్ నాయక్ ఒకడున్నడు, లీవ్ మీద నేను బయలెల్లే ముందు పెట్టె మోసుకుంట గేటు దాక వచ్చి, ‘అన్నా, తప్పుగ అనుకోవద్దు, ఒకటి చెప్పాలె’ అన్నడు. రోల్ కాల్ల నేను నిన్ను ఎన్నిసార్లు అంటనో పందెం కట్టుకునేటోళ్లంట. మూడు దాటితే ఒక పార్టీ గెలుపు, మూడు లోపలైతే ఇంకో పార్టీ, ఓడినోళ్లు వెట్ క్యాంటీన్ల ఛాయ్, సమోసా. ఒకనాడు ఆరు అయినయంట, ఆ రోజు సమోసాలు సరిపోలేదంట. నేను ఏమనాల్నో తెల్వక క్యాంటీన్ దిక్కు చూసిన. క్యాంటీనాయన బయటికొచ్చి నిలబడి, గల్లా పెట్టె మీద చెయ్యి పెట్టుకొని, నెల రోజుల సంది అడగాల్నని ఆపుకున్నోని లెక్క అడిగిండు, ‘సీహెచ్ఎం సాబ్, ఆజ్‌కల్ తబియత్ ఠీక్ నహీ హై క్యా?’