కుక్క కూర్చున్నది శవపేటిక మీద కాదు

విజయవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో పాత గ్రామఫోను ప్లేటు ఫొటోతో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. అది చెప్పేది ఇదీ: హెచ్.ఎం.వి. (హిజ్ మాస్టర్స్ వాయిస్) గుర్తులోని కుక్క యజమాని శవపేటిక మీద కూర్చుని, ఆయన బతికుండగా రికార్డు చేసిన గొంతు వింటోంది. మన దేశంలో ప్లేటుకెక్కిన తొలి గొంతు గాయని గౌహర్ జాన్‌ది. క్యాసెట్లు రాగానే కంపెనీ మూతపడింది. అందుకే కుక్క బొమ్మ ఉన్న ప్లేటు ఏదైనా లక్ష పలుకుతుంది, అటక మీద ఉంటే దింపి స్పిరిట్‌తో తుడిచి పెట్టుకోండి.

చివరి సలహా పాటిస్తే సొమ్ము పోతుంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేటు లక్కది. లక్కలో రాతిపొడి, నూలు పీచు, నల్లరంగు కలిపి వేడి మీద అచ్చు వేసేవారు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. బల్లలకు లక్క పాలిష్ పెట్టే వడ్రంగి ఎవరైనా ఈ మాట చెబుతాడు. శానిటైజరైనా అంతే. తుడిచిన గుడ్డకు నల్లగా అంటుకొచ్చేది మురికి అనుకుంటారు గానీ, అది పాటే. దుమ్ము పట్టిన ప్లేటును ముందు మెత్తటి బ్రష్షుతో గాడి వెంబడి గుండ్రంగా దులపాలి, అడ్డంగా గీయకూడదు. ఇంకా మురికుంటే డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, గుడ్డ తడిపి గట్టిగా పిండి తుడవాలి. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్ గుడ్డతో మరోసారి. లేబులు తడవకూడదు, ప్లేటు నీళ్లలో నానకూడదు. నీడలో నిలబెట్టి ఆరనివ్వాలి. దాచేటప్పుడూ పుస్తకాల్లా నిలువుగానే పెట్టాలి. మే నెలలో గుంటూరు రేకుల ఇంటి అటక మీద పడుకోబెడితే లక్క మెత్తబడి అప్పడంలా వంకర తిరుగుతుంది.

వినడానికి ఎల్.పి. (తర్వాత వచ్చిన వినైల్ ప్లేటు) ముల్లు పనికిరాదు. 78 గాడికి దాదాపు 75 మైక్రాన్ల మొన కావాలి, ఎల్.పి. ముల్లు 25 మైక్రాన్ల లోపే. అది గాడి అడుగున తేలుతూ బుసబుసమంటుంది తప్ప పాట సరిగా పలకదు. కీ ఇచ్చే బాకా పెట్టెలోనైతే ఉక్కు ముల్లు ఒక పక్కకు ఒకటి చొప్పున మార్చాల్సిందే. ప్లేటులోని రాతిపొడి ఆ ముల్లును అరగదీసి గాడికి సరిపడేలా చేస్తుంది. ఒక పక్క పూర్తయ్యేసరికి ముల్లు ఉలిలా తయారవుతుంది. దాన్నే మళ్లీ వాడితే రెండో పక్క గాడిని చెక్కేస్తుంది.

ఇక కుక్క. దాని పేరు నిప్పర్. యజమాని మార్క్ బారాడ్ 1887లో పోయాడు. మైనపు సిలిండరు మీద గొంతు పట్టే ఎడిసన్ మెరుగైన యంత్రం (ఫోనోగ్రాఫు) వచ్చింది 1888లో. అన్న పోయాక కుక్కను తెచ్చుకున్న తమ్ముడు ఫ్రాన్సిస్ చిత్రకారుడు. నిప్పర్ 1895లో చనిపోయాక ఆ బొమ్మ వేశాడు. 1899 ఫిబ్రవరిలో దాన్ని రిజిస్టరు చేయించుకున్న పేరులో ఉన్నది ఫోనోగ్రాఫును చూస్తూ వింటున్న కుక్కే, శవపేటిక ఊసే లేదు. బాకాకు నల్లరంగు బాగాలేదని, ఇత్తడి బాకా చూసి వేసుకోవడానికి లండన్ గ్రామఫోను కంపెనీకి వెళ్లాడు. సిలిండరు యంత్రం తీసి మా ప్లేటు యంత్రం వేస్తే కొంటామన్నారు. బొమ్మకు 50 పౌన్లు, హక్కులకు 50. పాత యంత్రం ఛాయ ఇప్పటికీ రంగు కింద కనిపిస్తుంది. తమాషా ఏమిటంటే, సిలిండరు యంత్రంలో ఇంట్లో గొంతు రికార్డు చేసుకోవచ్చు. దాని బదులు వేసిన గ్రామఫోనులో ఆ వీలే లేదు. పోస్టులోని కథకు సరిపడే యంత్రం ఏదైనా ఉంటే, దాన్ని కంపెనీయే చెరిపించింది. బల్ల మెరుపు చూసి శవపేటిక మూత అన్నారు జనం.

గౌహర్ జాన్ గొప్పతనంలో పేచీ లేదు. ఆ లండన్ కంపెనీ రికార్డింగు నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో ఆమె పాట పట్టింది 1902 నవంబరు 11న. మూడు రోజుల ముందే, నవంబరు 8న, శశిముఖి, ఫణిబాల అనే నాటకశాల గాయనులు పాడారు. లండన్‌లోనైతే 1899లోనే మన భాషల్లో ప్లేట్లు తీశారు. ఆ రోజుల్లో అచ్చంతా జర్మనీలోని హానోవర్‌లో. పాట చివర గౌహర్ జాన్ ఇంగ్లీషులో తన పేరు చెప్పడం అక్కడి వాళ్లు గుర్తుపట్టడానికేనంటారు. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ వచ్చింది, 1928లో డమ్‌డమ్‌లో పెద్దది.

మూతపడిందన్నది తేలిగ్గా తేలిపోయే మాట. హెచ్.ఎం.వి. అన్నది గుర్తు, కంపెనీ పేరు గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా. 1980ల మధ్యలో ఆర్.పి.జి. వ్యాపార గ్రూపు చేతికి వెళ్లి, 2000లో సారెగమ అయింది. 2017లో కారవాన్ రేడియో పెట్టె తెచ్చింది కూడా ఆ కంపెనీయే.

లక్ష సంగతి. కుక్క బొమ్మ అరుదుకు గుర్తు కాదు, డమ్‌డమ్‌లో దశాబ్దాల పాటు అచ్చయిన మామూలు లేబులు. నిజంగా పాతవాటి మీద కుక్క ఉండదు, ఈకతో రాస్తున్న దేవదూత బొమ్మ ఉంటుంది. అవి ఒక పక్కే పాడతాయి. రెండో పక్క గాడి లేకుండా, దేవదూత ముద్ర మాత్రం పడి ఉంటుంది. 78 ప్లేటు అయినంత మాత్రాన పాతదీ కాదు. బీటిల్స్ పాటలు కూడా మన దేశంలో 78 ప్లేట్లుగా వచ్చాయి. లేబులుకీ గాడికీ మధ్య నున్నటి పట్టీ మీద నంబరు పక్కన చూడండి. చిన్న త్రికోణం ఉంటే మైకుతో తీసింది, 1925కు ముందుది కాదు. చదరం ఉంటే 1931 నుంచి వచ్చింది.

మన వైపు నాటక పద్యాలకున్న గిరాకీ లేబులును బట్టి రాదు. రంగస్థల నటుడు కపిలవాయి రామనాథశాస్త్రి పద్యం గీతల్లేకుండా దొరికితే, కుక్క ఉన్నా లేకపోయినా సేకరించేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. లక్షల్లో అచ్చయిన సినిమా పాట ప్లేటుకు, అదీ అరిగిపోయినదానికి, అంత ధర ఎవరూ పెట్టరు. కొనేముందు లైటుకు ఏటవాలుగా పట్టి చూడండి. గాడి నల్లగా నిగనిగలాడాలి, బూడిదరంగుకు తిరిగితే ఉక్కు ముల్లు తినేసినట్టే. ఆపైన ఒక్కసారి పెట్టి వినండి. వెంట్రుకంత పగులున్నా నిమిషానికి 78 సార్లు టక్ టక్ మంటుంది.