తివాచీ మీది తూకం

పన్నెండు రోజుల విహారయాత్ర ముగించుకుని మా ఇంటికి వచ్చిన మా తోడల్లుడుగారు, కుర్చీలో కూర్చోకముందే, "అన్నీ తిన్నాను, అన్నీ చూశాను, కిలోన్నర తగ్గాను తమ్ముడూ" అని ప్రకటించారు. ఈ మూడు ముక్కలనూ ఒకే ఊపిరిలో చెప్పగలిగే మహానుభావులు ఈ మధ్య కుటుంబానికొకరు చొప్పున తయారయ్యారు కనుక, పాఠకులకు ఆయనను వేరే పరిచయం చేయనక్కరలేదు.

ఈ ఘనవిజయం వెనుక ఉన్న కృషిని నేను శ్రద్ధగా వాకబు చేశాను. ఆయన తన పెట్టెలో బరువు తూచుకునే యంత్రాన్ని వెంట తీసుకువెళ్ళారు. సామాను పరిమితికి మించిందని విమానాశ్రయంలో అభ్యంతరం చెబితే యంత్రాన్ని అలాగే ఉంచి మా వదినగారి గొడుగును తీసి బయట పెట్టారు. వాన కురిసింది లెండి, ఆ సంగతి వేరు.

బస చేసిన హోటల్లో మొదటి రోజు తెల్లవారుజామున స్నానాల గది పలకల మీద యంత్రాన్ని పెట్టి ఎక్కితే అది 82.4 కిలోలు చూపించింది. ఆయన దిగి, చేతి గడియారం విప్పి మళ్ళీ ఎక్కారు. ఉంగరం తీశారు. ఊపిరి పూర్తిగా వదిలి, ఒక కాలి మీద నిలబడి, గోడకు వేలు ఆనించీ ఆనించనట్టు ఆనించి చూశారు. అయినా యంత్రం మనసు మార్చుకోలేదు. అప్పుడు దానిని చంకలో పెట్టుకుని గడప దగ్గర ఒకసారి, మంచం పక్కన ఒకసారి తూగి, చివరికి గది నడిమధ్య దళసరి తివాచీ మీద ఎక్కేసరికి 80.9 వచ్చింది. యంత్రం కాళ్ళు మెత్తదనంలో కూరుకుపోతే బరువులో కొంత తివాచీయే మోస్తుందన్న సంగతి ఆయనకు తెలియనిది కాదు. కానీ సత్యం తివాచీ మీదే వెలసిందని ఆ క్షణంలో తీర్మానించుకున్నారు. ఆ సమయంలో ఆయన వీపు వెనుక, కిటికీ అద్దం అవతల, సముద్రంలోంచి సూర్యుడు పైకి వస్తున్నాడు. దానిని చూడడానికే అంత దూరం వెళ్ళారు.

గది అద్దెలోనే కలిసి ఉంది కనుక ఫలహారానికి మూడు పళ్ళేలు పేర్చుకోవడం, అడుగులూ కేలరీలూ లెక్కపెట్టే మణికట్టు పట్టీని తట్టి "నడిచి కరిగించేస్తాను" అనడం ఆయన దినచర్య. రోజుకు పదివేల అడుగులు వేయాలన్న నియమాన్ని ఏ వైద్యుడూ విధించలేదనీ, 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన అడుగుల లెక్కింపు యంత్రానికి పెట్టిన పేరులోంచి అది పుట్టిందనీ నేను మనవి చేసుకున్నాను. అలాంటి పట్టీలను ఏడింటిని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు 2017లో పరీక్షిస్తే, కేలరీల లెక్కలో అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పిందని చెప్పాను. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు ఖర్చు కావాలి, గంట నడకకు కరిగేది రెండు మూడు వందలే. నాలుగు రోజుల్లో వచ్చే హెచ్చుతగ్గులు చాలావరకు నీటివే, ఎందుకంటే ఒంట్లో దాచుకున్న ప్రతి గ్రాము పిండిపదార్థమూ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ఆయన అంతా విని, "నీకు క్రమశిక్షణ లేదు తమ్ముడూ" అన్నారు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. యాత్రలో నాలుగో రోజు, పరాయివాళ్ళు పదిమంది ఉన్న బల్ల దగ్గర, వడ్డించే కుర్రవాడు వింటూండగా, వదినగారు రెండోసారి చేయి చాపితే ఈయన, "అంత అవసరమా?" అన్నారట. ఆవిడ చేయి వెనక్కి తీసుకున్నారు. ఆ తరువాత ఫోటోలు తీసే పని తానే పెట్టుకున్నారు. ఆయన ఎంతో గర్వంగా నాకు చూపించిన నాలుగు వందల చిల్లర ఫోటోల్లో, ఇసుక మీద పడిన ఒక నీడలో తప్ప, ఆవిడ ఎక్కడా లేరు. ఇరవై రెండేళ్ళుగా ఒక ఇంటి భారమంతా మోసి, మొదటిసారి సముద్రం చూసిన మనిషి ఆవిడ! ఆ నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగి నిలబడడానికి ఆవిడ ఏ యంత్రం అనుమతి తీసుకోవాలి? "ముందు, తరువాత" అని పక్కపక్కన రెండు బొమ్మలు అచ్చువేసి సొమ్ము చేసుకునేవాళ్ళకు సిగ్గు లేదు సరే, కట్టుకున్న మనిషిని తీసుకువెళ్ళి ఆ మొదటి బొమ్మలో నిలబెట్టినవాడికేమైంది? ఎవడిక్కావాలండీ ఆ కిలోన్నర?

ఈ మాట పైకి అన్నాను కూడా. ఆయన నొచ్చుకున్నారు. రుజువు కోసం పెట్టెలోంచి యంత్రాన్ని తీసి మా వసారాలో పలకల మీద పెట్టి ఎక్కారు. 83.1 వచ్చింది. ఆయన దిగి, వంగి, నేలను అరచేత్తో రెండుసార్లు తడిమి చూసి, "మీ ఇంటి వాటం సరిగా లేదు, ఒకసారి మేస్త్రీని పిలిపించి చూపించుకోండి" అన్నారు.