స్కాలర్‌షిప్ ఇస్తామన్నాక నెలనెలా ఇవ్వాలి

నిన్న మధ్యాహ్నం ఇథియోపియా నుంచి ఫోన్ వచ్చింది. పీహెచ్‌డీ రోజుల్లో ల్యాబ్‌లో నా పక్క టేబుల్ దగ్గర పనిచేసిన మిత్రుడు. ఇప్పుడు అక్కడ ఒక యూనివర్సిటీలో అసోసియేట్ ప్రొఫెసర్. తన దగ్గర చదువుకున్న ఒక కుర్రాడికి హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ సీటు, దానితోపాటు స్కాలర్‌షిప్ వచ్చాయట. "అన్నా, వాణ్ణి పంపమంటావా?" అని అడిగాడు. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దవాడు. అయినా నన్ను అన్నా అనే పిలుస్తాడు. ఆటోవాళ్ల దగ్గర అతను నేర్చుకున్న మొదటి తెలుగు మాట అది.

వెంటనే "పంపు" అనలేకపోయాను. రేపు చెప్తానని ఫోన్ పెట్టేశాను. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లుగా ఎవరికీ పూర్తిగా చెప్పని విషయం ఒకటుంది. ఇవాళ రాస్తున్నాను.

మా మిత్రుడు చదివింది ఏ యూనివర్సిటీలోనో, ఆ స్కాలర్‌షిప్ ఎవరిచ్చారో ఇక్కడ రాయను. ఏదో ఒక్క ఆఫీసు మీద కోపంతో రాస్తున్న పోస్ట్ కాదిది.

ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు ఉపవాసాలు చాలా నిష్ఠగా ఉంటారు. బుధవారం, శుక్రవారం మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ఈస్టర్ ముందు 55 రోజుల పెద్ద ఉపవాసం ఉంటుంది. మా మిత్రుడు వచ్చిన మొదటి సంవత్సరం ఆ ఉపవాసం మొదలైనప్పుడు, మెస్‌కి ఒక్క పూటే వచ్చేవాడు. అన్నం, పప్పు, కాస్త చారు. "ఇంకొంచెం పెట్టుకో బాబూ" అని వడ్డించే ఆవిడ బతిమాలినా "ఫాస్టింగ్ అమ్మా" అనేవాడు. మాకందరికీ అతనంటే గౌరవం పెరిగింది. మా అమ్మతో కూడా గొప్పగా చెప్పాను, కార్తీక మాసంలో నువ్వుండే ఉపవాసం దీని ముందు ఎంత అని.

ఈస్టర్ అయిపోయింది. వేరే తేదీన వచ్చే వాళ్ల ఆర్థడాక్స్ ఈస్టర్ కూడా అయిపోయింది. అతను మాత్రం ఒక్క పూటే తింటున్నాడు. జూన్‌లో ఒకరోజు ల్యాబ్‌లో కళ్లు తిరిగి కూలబడ్డాడు. క్యాంపస్ డిస్పెన్సరీలో గ్లూకోజ్ ఎక్కిస్తుంటే అప్పుడు నోరు విప్పాడు. ఐదు నెలలుగా స్టైపెండ్ రాలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న డాలర్లు మార్చికే అయిపోయాయి. ఉపవాసమన్న మాట కొన్నాళ్లు నిజమే. తర్వాత అది అతని ఆకలికి కప్పిన దుప్పటి.

ఆ రోజు నాకు వచ్చిన సిగ్గు ఇప్పటికీ పోలేదు. పక్క టేబుల్ దగ్గరే ఉన్నాను కదా, నాకెందుకు తెలియలేదు?

ఐదు నెలలు ఎందుకు ఆగింది? ఎవరూ కావాలని ఆపలేదు, అదే ఇంకా బాధ. స్టైపెండ్ పడాలంటే ఇక్కడి బ్యాంకులో అకౌంట్ ఉండాలి. అకౌంట్‌కి ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో, అంటే విదేశీయుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ ఆఫీసులో, రిజిస్ట్రేషన్ కావాలని బ్యాంకువాళ్లన్నారు. ఆరు నెలలకు మించిన స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లు 14 రోజుల్లోగా ఆ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. దానికి అడ్రస్ ప్రూఫ్ కావాలి. హాస్టల్లో రూమ్ ఖాళీ లేదన్నారు కాబట్టి బయట గది తీసుకుని రెంటల్ అగ్రిమెంట్ చూపించాలి. గదికి రెండు నెలల అడ్వాన్స్ కావాలి. అడ్వాన్స్‌కి స్టైపెండ్ కావాలి. తిరిగి తిరిగి మళ్లీ మొదటికే! ఇదంతా తేలి అకౌంట్ తెరిచేసరికి ఫైలు ఇంకో టేబుల్ మీద ఉంది. అక్కడ జాయినింగ్ రిపోర్టులో ఒక సంతకం తక్కువైంది. సంతకం పెట్టాల్సిన ఆయన సెలవులో ఉన్నారు. మన ఆఫీసులు తెలిసినవాళ్లకి మిగతాది చెప్పక్కర్లేదు.

"ఇంటి నుంచి తెప్పించుకోవచ్చు కదా" అని అకౌంట్స్ సెక్షన్‌లో ఒకాయన నా ముందే అన్నారు. ఇథియోపియాలో విదేశీ మారకానికి ఏళ్ల తరబడి కటకట. జీతం వాళ్ల కరెన్సీ బిర్‌లలో వస్తుంది, ఆ బిర్‌లను డాలర్లు చేసి బయటికి పంపాలంటే అప్పట్లో బ్యాంకులో నెలలు ఎదురుచూడాల్సి వచ్చేది. 2024 జూలైలో వాళ్ల కరెన్సీని మార్కెట్‌కి వదిలాక డాలర్ విలువ 57 బిర్‌ల దగ్గర్నుంచి కొద్ది కాలంలోనే వంద దాటింది. అంటే ఇప్పుడొచ్చే కుర్రాడి పరిస్థితి ఇంకా కష్టం. పైగా అప్పుడు అక్కడ మా మిత్రుడికి వచ్చే జీతం మీదే భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి బతికేవారు.

పోనీ ఇక్కడ ఏదైనా పని చేసుకుందామా అంటే స్టూడెంట్ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. మన పిల్లలు అమెరికా వెళ్తే క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పనిచేసుకునే వీలుంది. లైబ్రరీలోనో, క్యాంటీన్‌లోనో నిలబడి సరుకుల ఖర్చైనా సంపాదించుకుంటారు. ఇక్కడ ఆ దారి కూడా లేదు. వచ్చినవాడికి స్టైపెండ్ ఒక్కటే ఆధారం. అది ఆగిందంటే అన్నం ఆగినట్టే.

ఇప్పుడు పెద్ద అంకెల సంగతి. ఇండియా, ఆఫ్రికా దేశాల సదస్సు మొదటిది 2008లో ఢిల్లీలో, రెండోది 2011లో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో జరిగింది. 2015 అక్టోబర్‌లో ఢిల్లీలో జరిగిన మూడో సదస్సులో, ఐదేళ్లలో 50,000 మంది ఆఫ్రికా విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు ఇస్తామని మన దేశం ప్రకటించింది. 2018లో బీజింగ్ సదస్సులో చైనా కూడా ఆఫ్రికాకు 50,000 ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు ప్రకటించింది. 1960లో సోవియట్ రష్యా ఇందుకోసమే మాస్కోలో ఒక యూనివర్సిటీ పెట్టి, మరుసటి ఏడాది దానికి హత్యకు గురైన కాంగో నేత లుముంబా పేరు పెట్టింది. ఆఫ్రికా యువతను చదివించడానికి దేశాలు పోటీ పడుతూనే ఉన్నాయి, మంచిదే. నాకు కావల్సిన లెక్క వేరే ఉంది. వచ్చినవాళ్లలో ఎంతమందికి మొదటి నెల డబ్బు మొదటి నెలలోనే అందింది? ఆ లెక్క వేదిక మీద ఎవరూ చదవరు.

ఫీజు లేకుండా సీటిస్తే చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారు అనే ఆలోచన ఎంత తప్పో కెన్యా కథ చెబుతుంది. 1959లో కెన్యా ఇంకా బ్రిటిష్ పాలనలోనే ఉంది. కార్మిక నాయకుడు టామ్ ఎంబోయా అమెరికా అంతా తిరిగి కాలేజీలను ఒప్పించి తమ పిల్లలకి స్కాలర్‌షిప్‌లు తెచ్చాడు. సీట్లున్నాయి, విమానం ఎక్కడానికి డబ్బుల్లేవు. బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్సన్, గాయకుడు హ్యారీ బెలఫాంటే, నటుడు సిడ్నీ పాటియే విరాళాలివ్వండని జనాన్ని అడిగారు. కెన్యాలో ఊళ్లకి ఊళ్లు చందాలేసుకున్నాయి. ఆ సెప్టెంబర్‌లో మొదటి విమానంలో 81 మంది వెళ్లారు. మరుసటి ఏడాది కెనెడీ కుటుంబ ఫౌండేషన్ లక్ష డాలర్లు ఇచ్చింది. 1960లో అలా వెళ్లిన పిల్లల్లో ఒకమ్మాయి కాన్సస్‌లోని అచిసన్ అనే చిన్న ఊళ్లో బయాలజీ చదివి, తర్వాత పిట్స్‌బర్గ్‌లో మాస్టర్స్ చేసింది. ఆమె వంగారి మథాయ్. కెన్యాలో కోట్ల చెట్లు నాటించిన ఉద్యమాన్ని నడిపి 2004లో నోబెల్ శాంతి బహుమతి అందుకుంది. విమానం టికెట్ దగ్గర ఆగిపోయి ఉంటే? కాలేజీ సీటిచ్చింది కదా అని ఊరుకుని ఉంటే?

మన దగ్గరా అలాంటివాళ్లు చదివారు. ఆఫ్రికాలోని మలావీకి 2004 నుంచి 2012లో చనిపోయేదాకా అధ్యక్షుడిగా ఉన్న బింగు వా ముథారికా 1960ల్లో స్కాలర్‌షిప్ మీద ఇండియా వచ్చి ఢిల్లీలో ఎకనామిక్స్ చదివాడు.

నేను ఈ మాట ఎత్తినప్పుడల్లా వచ్చే ప్రశ్న నాకు తెలుసు. "మన పిల్లలకే ఫీజు రీయింబర్స్‌మెంట్ రావట్లేదు, వాళ్లకి మన డబ్బెందుకు?" ఈ ప్రశ్న అడిగేవాళ్లని నేను తిట్టను. బకాయిలు రాలేదని కాలేజీవాళ్లు సర్టిఫికెట్లు ఆపేస్తే ఆ తల్లిదండ్రుల టెన్షన్ ఎలా ఉంటుందో మా పెదనాన్న కూతురి విషయంలో దగ్గరుండి చూశాను. సర్టిఫికెట్ చేతిలో లేక వచ్చిన ఉద్యోగం పోగొట్టుకుంది. కానీ ఆలోచించండి. ఆ అమ్మాయికి జరిగిందీ, మా మిత్రుడికి జరిగిందీ ఒకటే. ప్రకటన చేసినప్పుడు చప్పట్లు కొట్టించుకున్నారు, డబ్బు విడుదల చేయాల్సినప్పుడు ఫైలు నిద్రపోయింది. అతని స్టైపెండ్ ఆపితే మా చెల్లెలి సర్టిఫికెట్ రాదు. ఇద్దరికీ సకాలంలో ఇచ్చే పద్ధతి పెట్టమని అడగాల్సినవాళ్లం మనం.

ఇంకో విషయం. మా మిత్రుడికి హైస్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టారు ఇండియన్. హైలే సెలాసీ చక్రవర్తి కాలం నుంచీ మనవాళ్లు అక్కడి బడుల్లో పాఠాలు చెప్పారు. 1990ల చివరి నుంచి రెండు దశాబ్దాల్లో అక్కడ ప్రభుత్వ యూనివర్సిటీలు రెండు మూడు నుంచి నలభై పైకి పెరిగినప్పుడు, మన తెలుగు లెక్చరర్లు ఎంతోమంది ఉద్యోగాలకి వెళ్లారు. ఆ జీతాలతో ఇక్కడ అప్పులు తీర్చారు, ఇళ్లు కట్టుకున్నారు. అన్ని యూనివర్సిటీలు పెట్టాక పీహెచ్‌డీ ఉన్న అధ్యాపకులు కావాలి కదా. అందుకే వాళ్ల లెక్చరర్లు విశాఖకీ, హైదరాబాద్‌కీ వచ్చారు. ఇది దానం కాదు. రెండు వైపులా నడిచిన బాకీ.

గది దొరకడం గురించి ఎంత రాసినా తక్కువే. తార్నాకలో, హబ్సిగూడలో టులెట్ బోర్డు చూసి ఇద్దరం కలిసి ఎక్కిన మెట్లు ఇరవై పైనే ఉంటాయి. ఫోన్‌లో నేను మాట్లాడినప్పుడు ఖాళీగా ఉన్న గది, అతన్ని చూశాక "నిన్ననే ఇచ్చేశాం" అయ్యేది. ఒక ఓనర్ మాత్రం నిజం చెప్పాడు. విదేశీయుడికి గది ఇస్తే 24 గంటల్లో అతని వివరాలతో సి ఫారం ఆన్‌లైన్‌లో పెట్టాలని, పోలీసులతో గొడవెందుకని భయపడ్డాడు. ఆ భయం నాకు అర్థమైంది. అర్థం కానిదల్లా, మెట్లు దిగుతుంటే వెనక నుంచి వినిపించిన "నీగ్రో" అన్న మాట. చదువుకున్నవాళ్లు, పిల్లల్ని అమెరికా పంపినవాళ్లు ఆ మాట ఎలా అంటారు? దయచేసి మానేయండి. ఇంట్లో పిల్లలు అంటే ఆపండి.

2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేత్‌లో మన తెలుగు ఇంజనీరుని ఒకడు కాల్చి చంపాడు. మా దేశం నుంచి పొండి అని అరిచి మరీ కాల్చాడు. మనమంతా ఏడ్చాం. సరిగ్గా తర్వాతి నెలలో గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థులని గుంపులుగా వెంటపడి కొట్టారు. ఒక వదంతి నమ్మి కొట్టారు. ఆ వీడియో చూశాక మా మిత్రుడు వారం రోజులు చీకటి పడకముందే గదికి వెళ్లిపోయాడు. అక్కడ వాళ్ల అమ్మ, ఇక్కడ మా అమ్మ. ఇద్దరూ ఒకే మాట అడుగుతారు, "నాన్నా, అక్కడ నిన్ను ఎవరైనా ఏమైనా అంటున్నారా?"

అతని గురించి మంచి సంగతులు కూడా చెప్పాలి, లేకపోతే కష్టాలే గుర్తుంటాయి. వాళ్ల లిపిలో కూడా గుణింతం ఉంది, ఒక్కో హల్లుకి ఏడు రూపాలు. మా అక్క కొడుకు రెండో తరగతిలో క, కా, కి, కీ దిద్దుతుంటే పక్కన కూర్చుని తన అక్షరాలు దిద్ది చూపించాడు. వాళ్లు తినే ఇంజెరా పులిసిన పిండితో వేసే పెద్ద అట్టు. అందుకే మా అమ్మ వేసిన దోసె మొదటి ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. విమానం దిగిన రోజే మూడు నెలల స్టైపెండ్ చేతికివ్వండి, అకౌంట్ తర్వాత తెరుచుకుంటాడు. డబ్బు ఇవ్వాల్సినవాళ్ల దగ్గర ఆలస్యమైతే యూనివర్సిటీ తన నిధి నుంచి సర్ది తర్వాత రాబట్టుకోవాలి. ఆ పోరు ఇద్దరు ఆఫీసర్ల మధ్య ఉండాలి, విద్యార్థి పొట్ట మీద కాదు. స్కాలర్‌షిప్ మీద వచ్చినవాళ్లకి హాస్టల్ గది చదువు అయ్యేదాకా రాసిపెట్టి ఉండాలి. థీసిస్ ఇచ్చాక వైవా పెట్టడానికి ఏడాది చేసింది యూనివర్సిటీయే అయినప్పుడు, ఆ ఏడాదికి కూడా స్టైపెండ్ ఇవ్వాలి. మా మిత్రుడు చివరి పది నెలలు మా ఇంట్లోనే ఉన్నాడు. మా అమ్మానాన్నలకి అది భారమనిపించలేదు. కానీ అలాంటి ఇల్లు దొరకని వాళ్ల సంగతేంటి?

పొద్దున్నే మా వీధి చివర రెండో అంతస్తు ఓనర్ గారి దగ్గరికి వెళ్లాను. వచ్చే నెల వాళ్ల పై గది ఖాళీ అవుతోంది. కుర్రాడి గురించి అంతా చెప్పాను, ఏ దేశమో కూడా ముందే చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "సి ఫారం అంటే నాకు రాదు నాయనా" అన్నారు. పక్కన కూర్చుని నేనే నింపిపెడతానన్నాను. అడ్వాన్స్ కూడా నేనే ఇచ్చాను. సాయంత్రం అడిస్ అబాబాకి ఫోన్ చేసి, పంపమని చెప్తాను.