రంగుల రోస్టర్ గారికి ఒక ఐసీయూ నర్సు విన్నపం

మహారాజశ్రీ రంగుల రోస్టర్ గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం అని రాద్దామనుకున్నాను. కానీ నైట్ చేసినవాళ్లు తమ స్థానంలోకి రావాల్సిన రిలీవర్ కోసం ఇంకా గుమ్మం వైపే చూస్తున్నారు కాబట్టి ఆ మాట ప్రస్తుతానికి వాయిదా.

కంప్యూటర్‌లో రంగుల గడుల పట్టికగా తమరు రాకముందు మా డ్యూటీ లిస్టు పొడుగాటి రిజిస్టర్‌లో ఉండేది. ఇన్‌చార్జ్ సిస్టర్ స్కేలు పెట్టి గీతలు కొట్టి, పేర్లకెదురుగా ఎం, ఈ, ఎన్ (మార్నింగ్, ఈవెనింగ్, నైట్) అని రాసేవారు. ఎవరి డ్యూటీ అయినా మారితే కొట్టివేత, పక్కన సంతకం. చూడ్డానికి దరిద్రంగానే ఉండేది. మార్చిందెవరో మాత్రం తెలిసేది.

తమరొచ్చారు. ఉదయం పసుపు, మధ్యాహ్నం నారింజ, రాత్రి నీలం, వీక్ ఆఫ్ ఆకుపచ్చ, లీవు గులాబీ, అదనపు డ్యూటీకి బదులిచ్చే కాంప్ ఆఫ్ లేత ఊదా, డబుల్ డ్యూటీ ఎరుపు. నెల మొత్తం తెర మీద పరిచారంటే పెద్దపండగ ముగ్గే. మీటింగులో ప్రొజెక్టర్ మీద తమరిని చూసి పెద్దసార్లు ‘ఎంత క్లియర్‌గా ఉందో’ అని మురిసిపోయారట. వాళ్ల పేరు ఏ గడిలోనూ లేదు కదా, క్లియర్‌గానే ఉంటుంది.

రంగులంటే మాకు పగేమీ లేదండీ. మా బతుకే రంగులతో. ‘పింక్ కాన్యులా ఇవ్వు సిస్టర్’ అంటే, సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే గొట్టంలో 20 గేజ్ లావుది. నీలం 22, పసుపు 24, ఆకుపచ్చ 18. గుంటూరులోనైనా గల్ఫ్‌లోనైనా అంతే, పైగా ప్యాకెట్ మీద అంకె కూడా అచ్చేసి ఉంటుంది. చెత్త పారేయడానికీ 2016 నాటి బయోమెడికల్ వేస్ట్ నిబంధనలున్నాయి: రక్తం అంటిన దూది పసుపులో, ఐవీ సెట్లు ఎరుపులో, సూదులు తెల్ల డబ్బాలో, గాజు సీసాలు నీలంలో. వాడేసిన దూదికి దొరికిన పాటి నిలకడ మా డ్యూటీకి దొరకలేదు. మా ఐసీయూలో నీలమంటే నైట్. కింది అంతస్తులో పోస్ట్ ఆపరేటివ్ వార్డుకి నీలమంటే వీక్ ఆఫ్, ఎందుకంటే అక్కడి ఇన్‌చార్జ్‌కి ఆ రంగు ప్రశాంతంగా అనిపించిందట. అక్కడి నుంచి మా దగ్గరికి పంపిన అమ్మాయి నీలం గడి చూసుకుని హాయిగా ఇంట్లో అన్నం తిని పడుకుంది. రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేస్తే, ‘మేడమ్, నాకు ఆఫ్ కదా!’ అంది. తన లెక్కలో అది నిజమే. మధ్యాహ్నం వచ్చిన సిస్టర్ తెల్లారేదాకా అక్కడే.

ఏ రంగుకి ఏ అర్థమో రెండో షీట్‌లో రాశాం అంటారు. ఆ రెండో షీట్ వాట్సాప్ గ్రూపులోకి ఏనాడూ రాలేదు. వచ్చేది స్క్రీన్‌షాట్ ఒక్కటే, అదీ మసకగా. సిటీ బస్సులో నిలబడి, బ్రైట్‌నెస్ తగ్గించిన ఫోన్‌లో నారింజకీ గులాబీకీ తేడా చూడాలంటే ముందు కంటి డిపార్ట్‌మెంట్‌కి వెళ్లాలి.

కళ్లంటే గుర్తొచ్చింది. మాతో పనిచేసే బ్రదర్‌కి, అంటే మగ నర్సుకి, ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయి. అది ఎక్స్ క్రోమోజోమ్ మీద వచ్చే లక్షణం, అందుకే మగవాళ్లలో ఎక్కువ. వెబ్‌సైట్ల కోసం రాసిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో, కేవలం రంగుతోనే విషయం చెప్పకూడదని 1.4.1 అని అంకె వేసి మరీ పెట్టారు. తమరేమో ఏరికోరి వీక్ ఆఫ్‌కి ఆకుపచ్చ, డబుల్‌కి ఎరుపు పెట్టారు. పాపం, రోజూ సాయంత్రం ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వస్తాడు. ‘అక్కా, రేపు నాకు ఆఫా, డబులా?’

ఆయన ఒక్కడికే అనుకోకండి. నర్సింగ్ స్టేషన్‌లో ఉన్నది బ్లాక్ అండ్ వైట్ ప్రింటర్. గోడకంటించిన కాగితం మీద పసుపు ఎగిరిపోయి ఉదయం షిఫ్టు వాళ్లు డ్యూటీలోనే లేనట్టు కనిపిస్తారు. మిగతావన్నీ బూడిద. ఇన్‌చార్జ్ సిస్టర్ ఆ బూడిద మీద మళ్లీ పెన్నుతో ఎం, ఈ, ఎన్ అని రాసుకుంటారు. తమరికి ఇంతకంటే మర్యాద ఏం చేయగలం!

లెక్కల సంగతి చెప్పనే అక్కర్లేదు. తమరిని ఎక్సెల్‌లోకి దించి ‘ఈ రాత్రికి నీలం ఎంతమంది?’ అంటే, గడులు లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్ ఫార్ములా నోరు విప్పదు, దానికి గడిలో అక్షరమో అంకో కావాలి. కాబట్టి ఇన్‌చార్జ్ సిస్టరే పెన్ను మూత తెరకు ఆనించి ఒక్కో గడీ లెక్కపెడతారు. మధ్యలో ఫోన్ మోగితే మళ్లీ మొదటి నుంచి.

అసలు బాధ ఇదీ కాదు. పై వరసలో ‘సిబ్బంది సరిపోయారు’ అని తమరు చూపించే ఆకుపచ్చ పట్టీ ఉంది చూశారూ, దానితోనే నా పేచీ. పైన పటారం, లోన లొటారం. పన్నెండేళ్ల సీనియర్ ఒక తల, నిన్న చేరిన ట్రైనీ ఒక తల. డబుల్ చేస్తున్న మనిషిని ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి లెక్కేసి ఇద్దరిని చేస్తారు. ఐసీయూలో ప్రతి షిఫ్టుకీ పడకకొక నర్సు, ఆపైన సెలవు పెట్టినవాళ్ల బదులు పనిచేయడానికి 30 శాతం అదనపు సిబ్బంది, అంటే లీవ్ రిజర్వ్, ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఇన్ని రంగులున్న తమ దగ్గర ఆ 30 శాతానికి మాత్రం రంగు లేదు. అందుకే సంక్రాంతికి గులాబీ అడిగిన ప్రతివాళ్లకీ ఎరుపు వస్తోంది. రాజీనామా చేసి వెళ్లిన ఇద్దరి పేర్లు ఇంకా తీయలేదు. వాళ్లు వారం వారం పసుపు గడుల్లో క్రమం తప్పకుండా డ్యూటీ చేస్తున్నారు. మా అందరికంటే వాళ్ల హాజరే బాగుంది.

తమరిని వెళ్లిపొమ్మనడం లేదు. ఉండండి, అలంకారానికి. కాకపోతే ప్రతి గడిలో ఒక అక్షరం వేయించుకోండి. అన్ని వార్డులకీ ఒకే రంగుల పట్టిక పెట్టించండి, అది స్క్రీన్‌షాట్‌లో పడేలా అదే షీట్ అడుగున. గడి మార్చినవాళ్ల పేరు కనిపించనివ్వండి. ఆ ఆకుపచ్చ పట్టీని మాత్రం, కొత్తవాళ్లను ఉద్యోగంలోకి తీసుకునేదాకా దయచేసి దాచిపెట్టండి.

ఇట్లు,
తమ విధేయురాలు,
స్టాఫ్ నర్స్, ఐసీయూ.
(రేపు నా గడి మెరూన్. అంటే ఏమిటో ఇన్‌చార్జ్ సిస్టర్‌కీ తెలియదట, కనుక్కుని చెబుతానన్నారు.)